తలుపు వేసి చెప్పిన సాక్ష్యం

ఇమాం సాబు గడ్డానికి నేను నల్లరంగు వేస్తానన్న సంగతి మా ఊరు కోట్ మెహ్రాబ్‌లో ఆయనకు, నాకు, పైనున్న అల్లాకు తప్ప ఎవరికీ తెలియదు. నా భార్య జైతూన్‌కు కూడా చెప్పలేదు. కుర్చీలో కూర్చున్నవాడి తల మీద ఏం కనిపించినా, వాడి నోట్లోంచి ఏం జారినా గుమ్మం దాటనివ్వనని, మా నాన్న నాకు మంగలి కత్తి చేతికిచ్చిన రోజే ఒట్టు వేయించుకున్నాడు. నలభై ఏళ్లు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ నోరు విప్పని అలవాటే చివరికి ఒక మనిషి బతుకు మీదకు తెచ్చింది కాబట్టి చెబుతున్నాను.

గోరింటాకు పెట్టుకుని గడ్డం ఎర్రగా చేసుకుని తిరిగితే ఎవరూ ఏమీ అనరు, పైగా పుణ్యమంటారు. నలుపు మాత్రం కూడదు. ఎందుకు కూడదో ఇమాం ఇనాయతుల్లా సాబే ఒక శుక్రవారం అరగంటసేపు ప్రసంగించాడు. ముందు వరుసలో కూర్చుని విన్నాను. ఆయన నా వైపు చూడలేదు, నేను నా కాలి వేళ్లు చూసుకున్నాను. అలాగని ఆయన్ని దొంగ భక్తుడని అనకండి, నాకు కోపం వస్తుంది. టైఫాయిడ్ వచ్చి లేచాక పాపం ఆయన గడ్డం ఒక పక్కంతా తెల్లబడి, రెండో పక్క నల్లగానే ఉండిపోయింది. ఈ రంగు సంగతి తప్ప ఆయన చేసిన తప్పు నాకు ఒక్కటీ తెలియదు. చావు వచ్చిన ఇంటికి అందరికన్నా ముందు వెళ్లేవాడు ఆయనే.

రెండు వారాలకోసారి, గురువారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, వెనక సందులోంచి నా షాపు వెనక గదిలోకి వచ్చేవాడు. రంగు పూసి, పాల కవరు చింపి గడ్డానికి కట్టి, పైన తువ్వాలు చుట్టేవాణ్ణి. గంటన్నర అలా కూర్చోవాలి. నోరు విప్పకూడదు, విప్పితే రంగు పెదవి మీదకు జారి రెండు రోజులు పోదు. ఊరందరికీ మంచీ చెడూ చెప్పే మనిషి నా దగ్గర గంటన్నరసేపు కిక్కురుమనకుండా కూర్చునేవాడు. చెబితే తప్పేమో గానీ, నాకు భలే సరదాగా ఉండేది.

బూటా మా ఊళ్లో మైకులు బాగుచేసేవాడు. ముప్పై ఒకటో ముప్పై రెండో ఉంటాయి అప్పటికి. పెళ్లయినా, ఎన్నికలైనా, మసీదులో జల్సా అనే మతసభ అయినా బూటా నిచ్చెన భుజాన వేసుకుని రావలసిందే. నోరు పెద్దది. ఎవరితోనైనా వాదనకు దిగితే పై వీధి దాకా వినిపించేది. తల్లీ కొడుకూ ఇద్దరే. ఊపిరితిత్తుల జబ్బుతో తల్లి మంచం పట్టి మూడేళ్లయింది. వాళ్ల ఇల్లు మసీదు గోడను ఆనుకునే ఉంటుంది, మినారు మీద నాలుగు మైకు గొట్టాల్లో ఒకటి సరిగ్గా ఆవిడ కిటికీ వైపు నోరు తెరుచుకుని ఉండేది.

ఆ గురువారం బూటా మర్నాటి జల్సా కోసం మైకులు సరిచేస్తున్నాడు. లాహోర్ నుంచి పెద్ద గురువు, పీర్ గారు వస్తున్నారు. ఆయన పక్కన వేదిక మీద కూర్చోవాలి కాబట్టి ఇమాం సాబు ఆ రోజు ప్రత్యేకంగా రంగుకొచ్చాడు. నేను గడ్డానికి కవరు కట్టి, బయటికొచ్చి ఎవరికో క్రాపు చేస్తున్నాను. అంతలో మసీదు వైపు నుంచి అరుపులు. బూటా గొంతు, మసీదు కమిటీ పెద్ద చౌధరీ నజాబత్ గొంతు. ఏమంటున్నారో తెలియలేదు. వీధిలో పోయేవాడొకడు చెప్పిపోయాడు: బూటా తన తల్లి కిటికీ వైపున్న గొట్టాన్ని పొలాల వైపు తిప్పేశాడట, చౌధరీ మళ్లీ ఇటు తిప్పమంటున్నాడట. ఈ బూటాగాడు నోరు మూసుకుంటే ఎంత బాగుండునో అనుకుంటూ కత్తెర ఆడించాను.

పావుగంట గడవలేదు, అదే మైకులో చౌధరీ గొంతు మోగింది. "సోదరులారా! ప్రవక్త గౌరవం మీద ప్రాణమిచ్చేవాళ్లంతా రండి! మైకు బూటా ఇప్పుడే, ఈ మసీదు గోడ పక్కనే, నోట పలకరాని మాట అన్నాడు!"

వెనక గదిలోకి పరిగెత్తాను. ఇమాం సాబు గడ్డానికి పాల కవరుతో లేచి నిలబడి ఉన్నాడు. నోరు విప్పలేడు, కళ్లు ఇంతింత చేసి కవరు విప్పమని చేత్తో సైగ చేశాడు. గబగబా కడిగాను. తడి గడ్డం తుడుచుకోకుండానే వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు. నేను కుర్చీలో ఉన్నవాణ్ణి సగం క్రాపుతో వదిలేసి ముందు తలుపులోంచి పరిగెత్తాను.

దాచుకోవడం దేనికి? నేనూ ఆ గుంపులో ఉన్నాను. నేనూ అరిచాను. ఏమన్నాడో తెలుసుకోకుండానే అరిచాను. ప్రవక్త పేరు వింటే నా గుండె పొంగుతుంది, ఆయన్ని ఎవడైనా ఒక మాట అన్నాడంటే నా రక్తం ఉడుకుతుంది. ఇప్పటికీ అంతే. పోలీసులు ముందే వచ్చి బూటాను జీపులో వేసుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజు నా చేత్తో నేనేం చేసి ఉండేవాణ్ణో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. వాడి షాపు కాలిపోయింది. తల్లిని మంచంతో సహా ట్రాలీలో వేసి ఎక్కడో మేనకోడలింటికి తీసుకుపోయారు.

ఇంతకీ ఏమన్నాడు? అదే చిత్రం. ఎవణ్ణి అడిగినా, "తౌబా తౌబా, ఆ మాట నా నోటితో మళ్లీ అంటే నేనూ వాడి లెక్కే అవుతాను" అని చెంపలు వేసుకునేవాడు. పోలీసు కాగితంలోనూ అంతే రాశారట. ఏ మాటకు ఉరి వెయ్యాలో ఆ మాట ఏమిటో ఊళ్లో ఎవరూ చెప్పలేదు. నాకు నిజంగా ఇవాళ్టికీ తెలియదు.

రెండు నెలల తర్వాత చౌధరీ నజాబత్ గడ్డం సరిచేయించుకోవడానికి కూర్చున్నాడు. నేను కత్తి నూరుతున్నాను.

"ఏమోయ్ ఉస్తాద్, కేసు గట్టిగా కుదిరింది. సాక్షులం ముగ్గురం. నేను, మా బావమరిది, ఇమాం సాబు. ముగ్గురం నిచ్చెన కిందే పక్కపక్కన నిలబడి విన్నాం."

"ఇమాం సాబు కూడానా?" అన్నాను.

"ఆయనే అసలు. నాదీ మా బావమరిదిదీ కొట్టేస్తారేమో గానీ, ఇమాం మాట ఏ జడ్జి కాదంటాడు? కానియ్, కత్తి గాల్లో పెట్టుకుని ఏం చూస్తున్నావ్?"

కానిచ్చాను.

ఆ గురువారం ఇమాం సాబు యథాప్రకారం వచ్చాడు. రంగు పూశాను. కవరు కట్టాను. తువ్వాలు చుట్టాను. ఇక ఆయన గంటన్నర మాట్లాడలేడని నిర్ధారణ చేసుకున్నాక, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఇమాం సాబ్, తప్పయితే క్షమించండి. బూటా ఆ మాట అన్నప్పుడు మీరు నిచ్చెన కింద లేరు. ఇదిగో, ఈ కుర్చీలో, ఇలాగే ఉన్నారు. మైకులో చౌధరీ అరిచినప్పుడు కవరు విప్పింది నేను. మీరు అక్కడున్నానని ఎలా సంతకం పెట్టారు?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. నాకు ధైర్యం పెరిగింది. "ఊళ్లో అందరికీ నిజం చెప్పమని చెప్పేది మీరు. మీరే ఇలా చేస్తే మేమెవరి మొహం చూడాలి? వాడికి ఉరి వేస్తారు సాబ్, ఉరి!"

అప్పుడాయన తువ్వాలు లాగేసి, పెదవి మీద రంగు జారుతున్నా పట్టించుకోకుండా నోరు విప్పాడు.

"నియామత్, నా భార్య విన్నది. మా పెరటి గోడ అవతలి నుంచి, తన చెవులారా విన్నది. ఏడుస్తూ నాకు చెప్పింది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు, మీ జైతూన్‌నే అడుగు."

"అయితే ఆవిడ పేరే రాయించండి."

"పరదా మనిషిని విచారణ జరిగే ఆ జైలు గేటులోకి పంపి, వందమంది లాయర్ల మధ్య నిలబెట్టమంటావా? పంపినా, ఒక్క ఆడదాని సాక్ష్యం నిలవదంటారు. అప్పుడు కేసు వీగిపోతుంది. వీగిపోతే ఆ అవమానం ఎవరికి? నాకా? నీకా?" ఆయన గొంతు బొంగురుపోయింది. "నేను అబద్ధం కల్పించడం లేదు. జరిగినదే చెబుతున్నాను. నా ఇల్లాలి చెవులు నా చెవులు కావా? నిలబడిన చోటు ఒక్కటే తేడా."

"మీరు నిలబడలేదు సాబ్. కూర్చున్నారు."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. జ్వరం వచ్చిన మనిషి చూపులా ఉంది. నల్లరంగు పెదవి నుంచి గడ్డం కిందకు కారుతుంటే తడిగుడ్డ ఇచ్చాను. తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆయన నిజంగానే తాను తప్పు చేయడం లేదనుకుంటున్నాడు. నన్ను భయపెట్టింది అదే. కావాలని అబద్ధమాడేవాణ్ణయితే కాలర్ పట్టుకోవచ్చు.

మరో నెలకు పోలీసు ఒకడు నాకో కాగితం తెచ్చిచ్చాడు. ఇంత పెద్ద శిక్ష పడే కేసుల్లో సాక్షి ఎలాంటివాడో, నమాజు చేస్తాడా, అబద్ధాలాడతాడా అని ఇరుగుపొరుగులో నిఖార్సైన మనుషుల్ని పిలిచి జడ్జి విడిగా విచారించుకోవడం ఉంది. తజ్కియా అంటారు. ఇమాం సాబు గురించి చెప్పడానికి నన్ను రమ్మన్నారు. నా పేరిచ్చింది ఎవరనుకున్నారు? ఇమాం సాబే.

ఎందుకిచ్చాడు? ఆ రాత్రంతా, మర్నాడంతా అదే ఆలోచన. నా నోరు కదలదన్న నమ్మకమా? లేక, ఎవరో ఒకరు తనను ఆపితే బాగుండునన్న ఆశా? రెండోదే అని ఇప్పుడనిపిస్తుంది. నా మనసును సముదాయించుకోవడానికి అలా అనుకుంటున్నానేమో కూడా.

జైతూన్ రొట్టెలు చేస్తుంటే పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పాను. ముందు నవ్వింది.

"నల్లరంగా! ఇమాం సాబా! పోయిన వారమేగా ఆయన పెళ్లాం నాతో, మా ఆయన గడ్డం చూడవే, దేవుడిచ్చిన నలుపు అంది!" కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తియ్యలేదు. "అంటే, ఆయన అక్కడ లేడని తెలిసింది నీ ఒక్కడికే."

"ఒక్కడికే."

"చెబితే మన ఇంటికి నిప్పు పెడతారు."

"పెడతారు."

"పెట్టనీ." మాడిన రొట్టె తీసి పక్కన పడేసింది. "నువ్వు మాత్రం అక్కడ అబద్ధం చెప్పొచ్చి నా ఎదురుగా కూర్చుని తినలేవు. నాకు తెలుసు నీ సంగతి. తినవు, నన్ను తిననివ్వవు. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు."

జైతూన్ కంటే ధైర్యం గల మనిషిని నేను చూడలేదు. ఆవిణ్ణి పంపాల్సింది అక్కడికి, నాకు బదులు.

విచారణ జైల్లోనే జరిగేది. బయటి కోర్టుకు తీసుకెళ్తే దారిలోనే చంపేస్తారని. జైలు గేటు నుంచి విచారణ గది దాకా నల్లకోట్ల లాయర్లు, తస్బీ జపమాలలు పట్టుకున్న గడ్డాలవాళ్లు, చౌధరీ మనుషులు. చౌధరీ నా భుజం తట్టి, "మనవాడే, మన ఉస్తాదే" అని అందరికీ చెప్పాడు. ఎవరో నా మెళ్లో గులాబీల దండ కూడా వేశారు. దండతోనే లోపలికి వెళ్లాను. కటకటాల అవతల బూటా కనిపించాడు, బాగా చిక్కిపోయాడు. దండ చూశాడు. తల పక్కకు తిప్పుకున్నాడు.

జడ్జి నన్ను పక్క గదిలోకి పిలిపించాడు. ఆయనా, నేనూ, ఒక బల్ల. తలుపు వేశారు. నా కళ్లు ముందు ఆయన చుబుకం మీదకే పోయాయి, పాడు అలవాటు. రెండు చోట్ల కత్తి గాటు, ఎడమ దవడ కింద గొరగని వెంట్రుకలు. సొంతంగా గీసుకున్నాడు, చెయ్యి వణికింది అనుకున్నాను.

"ఇమాం ఇనాయతుల్లా ఎన్నేళ్లుగా తెలుసు?"

"పదకొండేళ్లు సాబ్."

"నమాజు తప్పుతాడా?"

"ఎన్నడూ తప్పడు."

"అబద్ధమాడగా విన్నావా?"

దండలోంచి గులాబీ రేకులు బల్ల మీద రాలుతున్నాయి. తీసి పక్కన పెట్టాను దండను.

"వినలేదు సాబ్. కానీ ఇది మాత్రం నిజం కాదు," అన్నాను. ఆ పైన అంతా చెప్పాను. గురువారం, రంగు, పాల కవరు, మైకులో అరుపు, తడి గడ్డం. చెప్పేటప్పుడు నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

జడ్జి కలం కదల్లేదు. తలుపు వైపు చూశాడు. అవతల నినాదాలు వినిపిస్తున్నాయి. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఉస్తాద్, ఈ ముగ్గురూ పక్కపక్కనే నిలబడి విన్నామన్నారు. అందులో ఒకడు లేడని తేలితే మిగతా ఇద్దరి మాటా చెల్లదు. ఇప్పుడు ఈ తలుపు తీయిస్తాను. నువ్వు ఇదే మాట అందరి ముందూ చెప్పు. ఇవాళే, ఇప్పుడే వాణ్ణి వదిలేస్తానని రాస్తాను."

బల్ల మీద రాలిన రేకులు ఒక్కొక్కటే ఏరి దండ పక్కన పెట్టాను.

"లేదా, నువ్వు చెప్పింది ఇక్కడే రాసుకుంటాను. సంతకం తీసుకుంటాను. కాగితం ఫైల్లో పెడతాను. బయట చదవను. తీర్పులో దాని ఊసెత్తను. శిక్ష వేస్తాను. ఈ సెక్షనుకు ఉరి తప్ప ఇంకో శిక్ష లేదు. ఉరిశిక్ష వేస్తే ఫైలు దానంతటదే హైకోర్టుకు పోతుంది. అక్కడ గోడలు ఎత్తు, పోలీసులు ఎక్కువ. అక్కడెవరో ఒకరు ఆ కాగితం చూస్తారు."

"ఎన్నాళ్లకు చూస్తారు సాబ్?"

"ఏడాది. రెండేళ్లు." నా మొహం చూడకుండా అన్నాడు. "ఇంతకు ముందు ఇలాంటి కేసులో వదిలేసిన జడ్జి ఏమయ్యాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఒక్కణ్ణే నిలబడలేను. నువ్వు నిలబడితే నిలబడతాను. చెప్పు. తలుపు తియ్యమంటావా?"

నాకు ఒళ్లు మండింది. నువ్వు చదువుకున్నవాడివి, గన్‌మన్‌లున్నవాడివి, నీకు లేని ధైర్యం మంగలివాడి దగ్గర అరువడుగుతున్నావా అని మొహాన కొట్టినట్టు అడగాలనిపించింది. అడగలేదు. ఎందుకంటే నేనూ ఆ తలుపునే చూస్తున్నాను. దాని అవతల నా భుజం తట్టిన చౌధరీ ఉన్నాడు. దండ వేసిన చేతులున్నాయి. ఆ రోజు వీధిలో ఆ గుంపు అరుపులో నా అరుపు ఎలా కలిసిందో నాకు గుర్తుంది. ఆ గుంపు ఏం చేయగలదో నాకు లోపలి నుంచి తెలుసు.

"రాసుకోండి సాబ్," అన్నాను.

ఆయన రాశాడు. నేను సంతకం పెట్టాను. దండ మళ్లీ మెళ్లో వేసుకుని బయటికొచ్చాను. ఏం చెప్పావని చౌధరీ అడిగాడు. "నమాజు తప్పడని చెప్పాను" అన్నాను. అదీ నిజమే. ఇంటికెళ్లి జైతూన్‌తో మాత్రం అంతా చెప్పానని, జడ్జి అంతా రాసుకున్నాడని చెప్పాను. పళ్లెంలో అన్నీ వడ్డించి నా ఎదురుగా కూర్చుంది. తలుపు సంగతి ఆవిడకు చెప్పలేదు.

నెల తిరగకుండానే ఉరిశిక్ష పడింది. వీధిలో లడ్డూలు పంచారు. చౌధరీ బావమరిది నా నోట్లో ఒకటి పెట్టాడు. మింగాను.

ఇమాం సాబు ఆ తర్వాత నా షాపుకు రాలేదు. ఆయన గడ్డం మూడు నెలల్లో ఒక పక్క, ఏడాదిలో రెండో పక్క తెల్లబడిపోయింది. ముఖంలో నూర్, ఆ దైవకాంతి వచ్చింది చూశారా అని జనం మురిసిపోయారు. దారిలో ఎదురైతే సలాం చెప్పేవాడు, ఆగేవాడు కాదు. ఆరో ఏట పోయాడు.

ఏడాది, రెండేళ్లు అన్నాడు జడ్జి. రెండో ఏట బూటా తల్లి మేనకోడలింట్లో కన్నుమూసింది. కొడుకును చూడనిస్తారేమోనని ఆఖరి వారమంతా గుమ్మం వైపే చూసిందట. మూడు, నాలుగు, ఐదు. హైకోర్టులో ఒక బెంచి వినదు, ఇంకో బెంచి వాయిదా వేస్తుంది. బూటా ఉరిశిక్ష ఖైదీల కొట్లో ఒక్కడే ఉంటున్నాడని, తోటి ఖైదీలే చంపుతారేమోనని ఎవరితోనూ కలవనివ్వరని, వంట కూడా తనే చేసుకుంటాడని వినేవాణ్ణి. రోజూ ఎవరికో ఒకరికి గడ్డం గీస్తూ, ఇవాళ్టికి ఎన్నాళ్లయిందని లోపల అనుకునేవాణ్ణి. ఆ రోజు తలుపు తియ్యమని ఉంటే అన్న మాట నన్ను వదిలిపెట్టలేదు.

తొమ్మిదో ఏట బూటా వకీలు ఫోన్ చేశాడు. ఫైల్లో నా సంతకమున్న పాత కాగితం దొరికిందని, హైకోర్టులో చదివి వినిపించబోతున్నానని, ఊరు వదలమని. జైతూన్, నేను కరాచీలో మా చిన్నమ్మాయి ఇంటికి వచ్చేశాం. వారం తర్వాత కోట్ మెహ్రాబ్‌లో నా షాపు లేదు. పోతే పోయింది. బూటాను వదిలేశారు. ఇమాం ఆ వేళ అక్కడ లేడని నేను చెప్పిన ఒక్క ముక్క మీదే వదిలేశారు.

ఒక ఉదయం వకీలు అతన్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. ఏదో దేశం పంపించే ఏర్పాట్లు చేస్తున్నారట, అప్పటిదాకా కరాచీలో దాచారట. వకీలు కింద కారులో కూర్చున్నాడు. జైతూన్ టీ పెట్టడానికి వెళ్లింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టలేదు. నలభై ఒకటో ఏట జుట్టంతా నెరిసింది, భుజాలు లోపలికి పోయాయి. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"చాచా, నీ మాటే నన్ను బతికించింది. వకీలు మొత్తం చదివి వినిపించాడు. నువ్వు దండేసుకుని లోపలికెళ్తుంటే నిన్ను ఎన్ని తిట్టుకున్నానో. మాఫ్ చెయ్యి చాచా."

నా చేతులు కాలిపోతున్నట్టనిపించింది. ఏం చెయ్యాలో తెలియక, "ఏంట్రా ఆ జుట్టు, కూర్చో ముందు" అని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు దుప్పటి చుట్టి, కత్తెర తీశాను. వెనక నిలబడి కత్తిరిస్తూ చెప్పాను. మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాలేదు. ఆ పక్క గది, ఆ బల్ల, జడ్జి అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. "తలుపు తియ్యమని ఉంటే నువ్వు ఆ సాయంత్రమే ఇంటికొచ్చేవాడివిరా. నేను తియ్యమనలేదు. ఈ తొమ్మిదేళ్లూ నేనిచ్చినవే."

బూటా మెడకు చుట్టిన దుప్పటితోనే లేచాడు. తలుపు దగ్గరకు వెళ్లి గడియ పడిందో లేదో లాగి చూశాడు. కిటికీ దగ్గరకు వెళ్లి దాన్నీ మూశాడు. వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుని, దాదాపు పెదవులతోనే అన్నాడు.

"ఆ గదిలో నీ చోట నేనున్నా తియ్యమనేవాణ్ణి కాదు చాచా."

"తిట్టరా నన్ను!" అన్నాను. నాకు దుఃఖం ఆగలేదు. "నోరారా తిట్టు! మీ అమ్మ గుమ్మం చూస్తూ పోయింది, దానికైనా తిట్టు!"

బూటా కంగారుగా వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా చాచా, మెల్లగా. పక్కవాళ్లకు వినిపిస్తుంది."

తొమ్మిదేళ్లుగా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. బయటికొచ్చి వాడే నాలుగు తిడితే బరువు దిగుతుందని ఎక్కడో ఆశపడ్డాను. తిట్టడానికి వాడి దగ్గర గొంతే మిగల్లేదు. ప్రాణం మిగిల్చామని కోర్టూ చెప్పుకుంటుంది, వకీలూ చెప్పుకుంటాడు, నన్నూ చెప్పుకోమంటారు. వాడిలోంచి మేం తీసేసుకున్నది ఏ కాగితంలోనూ లేదు. కళ్లు తుడుచుకుని, మిగతా జుట్టు కత్తిరించాను. జైతూన్ టీ తెచ్చాక ముగ్గురం మెల్లగానే మాట్లాడుకున్నాం.